మొదటి ముద్ద ఎవరిది? – పాతపట్నం సీమలో నవాన్న ధర్మము

కృతజ్ఞుడనగా తనకు జరిగిన మేలును ఎరిగినవాడు. శ్రీమద్రామాయణ ప్రారంభమున వాల్మీకి మహర్షి నారదుని అడిగిన గుణములలో ధర్మజ్ఞతను ఆనుకొనియే కృతజ్ఞత నిలిచియున్నది. కిష్కింధాకాండలో లక్ష్మణస్వామి సుగ్రీవుని మందలించుచు, ఇతర పాపములకు పెద్దలు నిష్కృతి చెప్పిరి గాని కృతఘ్నునకు నిష్కృతి చెప్పలేదని హెచ్చరించెను. సుగ్రీవుడు పొందినది సామాన్యమైన ఉపకారము కాదు. పోయిన రాజ్యము తిరిగి వచ్చినది, పోయిన భార్య తిరిగి వచ్చినది. అంతటి మేలును మరచుట లోకమునకు కనబడు దోషము.

అయితే గృహస్థు ప్రతిదినము పొందు మేలు అంత పెద్దది కాదు. తెల్లవారుజామున వెలిగిన పొయ్యి, బిందెలో నిండిన నీరు, వేళకు వడ్డించిన అన్నము, జ్వరము వచ్చిన రాత్రి నుదుటిపై తడిగుడ్డ వేసిన చేయి. ఇవి నిత్యము లభించుట చేతనే కంటికి ఆనవు. కంటికి ఆననిదానిని మనస్సు తలచుకొనుట కష్టము. ఈ సంగతి పూర్వులకు తెలియును. అందుచేతనే వారు కృతజ్ఞతను మనస్సు యొక్క ఇష్టమునకు విడువక ఒక వరుసగా, ఒక నియమముగా ఇంటిలో నిలిపిరి. ఆ నియమము అడుగు ప్రశ్న ఒక్కటే: మొదటి ముద్ద ఎవరిది?

ఈ ప్రశ్నకు వేదము, కొండ, పల్లె ఇచ్చిన సమాధానములు మూడును ఒకచోట కనబడు సీమ ఆంధ్రదేశపు ఈశాన్యపు అంచున కలదు. అది పాతపట్నం.

మహేంద్రతనయా తీరము

శ్రీకాకుళం జిల్లాలో మహేంద్రతనయా నదీ తీరమున పాతపట్నం ఉన్నది. మహేంద్రగిరి కుమార్తె అను అర్థము గల ఈ నది వంశధారలో కలియును. ఊరు దాటి కొద్ది దూరము పోయినచో ఒడిశాలోని పర్లాకిమిడి పట్టణము వచ్చును. చుట్టుపట్ల కొండలలో సవరల గూడెములు ఉన్నవి. పాతపట్నమున వెలసిన శ్రీ నీలమణి దుర్గ అమ్మవారి సన్నిధికి తెలుగువారును, ఒడియావారును సమానమైన భక్తితో వత్తురు. ఒకే గర్భగుడి ముందు రెండు భాషలలో మ్రొక్కులు వినబడును.

ఈ సీమను ఏలిన తూర్పు గాంగులు మహేంద్రగిరిపై వెలసిన గోకర్ణేశ్వరుని తమ కులదైవముగా కొలిచిరి. వారి రాజధాని కళింగనగరము నేటి శ్రీముఖలింగమేనని చరిత్రకారులలో పలువురి అభిప్రాయము. గాంగుల తామ్రశాసనములను చదివినచో ఒక విషయము మాటిమాటికి కనబడును. దాత తాను చేసిన దానఫలమును తనకు మాత్రమే కోరుకొనడు, తల్లిదండ్రులకును కోరును. గాంగ శకము 87వ సంవత్సరమునకు చెందిన అచ్యుతపురం శాసనములో ఇంద్రవర్మ మహారాజు తన తల్లి పేర నిర్మించిన తటాకమును ప్రతిష్ఠించు సందర్భమున ఒక బ్రాహ్మణునకు భూదానము చేసినట్లు ఉన్నది. కన్నతల్లి పెట్టిన అన్నమునకు రాజు ఊరి పొలములకు నీరు ఇచ్చి బదులు తీర్చుకొనెను.

రాజు కృతజ్ఞత రాగిరేకుపై నిలిచినది. సామాన్య గృహస్థునకు రాగిరేకు లేదు, తటాకము త్రవ్వించు శక్తి లేదు. అతని కృతజ్ఞత అన్నపు కుండ వద్దనే నిలువవలసి వచ్చినది. అది ఎట్లు నిలిచినదో తెలుసుకొనుటకు ముందుగా కల్పసూత్రములను చూడవలెను.

ఇంటికప్పునకు ఒక ముద్ద

శ్రౌతకర్మలలో ఆగ్రయణేష్టి అనునది కలదు. కొత్త పంట చేతికి వచ్చినప్పుడు దానిని తినుటకు ముందు దేవతలకు సమర్పించు ఇష్టి అది. వర్షర్తువున చామలతోను, శరత్తున వరి ధాన్యముతోను, వసంతమున యవలతోను దీనిని ఆచరింతురు. అగ్నిహోత్రి అయినవాడు ఈ ఇష్టి చేయక కొత్త ధాన్యమును భుజింపరాదని మనుస్మృతి నాలుగవ అధ్యాయము శాసించుచున్నది.

దీనికి శతపథ బ్రాహ్మణము ఒక కథను చెప్పును. దేవాసురులు స్పర్ధించిన కాలమున అసురులు మనుష్యులు తిను ఓషధులను, పశువులు మేయు ఓషధులను మాయచేతను, విషముచేతను చెడగొట్టిరి. మనుష్యులు తినుట మానిరి, పశువులు మేయుట మానినవి. ప్రజలు నశించు స్థితి వచ్చినది. అప్పుడు దేవతలు ఈ యజ్ఞముచేత ఓషధుల దోషమును తొలగించిరి. అందుచేత కొత్త పంటను ముందు దేవతలకు ఇచ్చి పిదప తినువాడు నిర్దోషమైన అన్నమును తినుచున్నాడని తాత్పర్యము. ఈ కథలో గమనింపదగిన అంశము ఒకటి ఉన్నది. పండిన పంట తినదగిన పంటగా ఉండుట కూడ ఒక అనుగ్రహమే. పంట పండుటతోనే మనుష్యుని హక్కు పూర్తి కాలేదు.

శ్రౌతాగ్నులు లేని సామాన్య గృహస్థునకు ఆపస్తంబ గృహ్యసూత్రము సులభమైన విధిని చెప్పినది. ఆంధ్రదేశమున వైదిక కుటుంబములలో అధిక సంఖ్యాకులకు ఆపస్తంబుడే సూత్రకారుడు గనుక ఈ విధి మన ఇండ్లకు మిక్కిలి చేరువైనది. కొత్త ధాన్యముతో స్థాలీపాకము వండవలెను. ఇంద్రాగ్నులకు, విశ్వేదేవతలకు, ద్యావాపృథివులకు, నాలుగవ వాడగు స్విష్టకృదగ్నికి హోమము చేయవలెను. పిదప గృహస్థు కొత్త గింజలను నోటినిండ పోసికొని మ్రింగి, ఆచమించి, వండిన అన్నమును ముద్దగా చేసి మంత్రపూర్వకముగా ఇంటికప్పు మీదికి విసరవలెను.

ఈ చివరి కర్మ మొదట చదివినవారికి వింతగా తోచును. దేవతలకు హవిస్సు సరియే, ఇంటికప్పునకు అన్నమేల? ఆలోచించినచో ఇందులో దాగిన మర్మము హృదయమునకు హత్తుకొనును. ఏడాది పొడవున వానను, ఎండను తాను భరించి కుటుంబమును కాపాడినది ఆ కప్పు. వానలో ధాన్యము తడవకుండ నిలిపినది ఆ కప్పు. అది ఎన్నడును అడుగదు. అడుగని దానికి కూడ పంటలో వాటా కలదని సూత్రము గృహస్థునకు నేర్పుచున్నదని భావించుట తగును.

నేటికిని తెలుగు పల్లెలలో కోతల కాలమున వరికంకులను కుచ్చులుగా అల్లి ఇంటి చూరునకు వ్రేలాడదీయు అలవాటు ఉన్నది. పిచ్చుకలు వచ్చి ఆ గింజలు తినును. ఈ ఆచారము ఆ సూత్రము నుండియే పుట్టినదని నిర్ధారింపనక్కర లేదు. కాని రెండింటి మనస్సు ఒక్కటే. కొత్త గింజ ఇంటి లోపలికి పోవుటకు ముందు ఇంటి చూరు వద్ద ఒకసారి ఆగుచున్నది.

ఆపస్తంబుడు సంవత్సరమునకు ఒకసారి జరుగు ఆగ్రయణముతో ఊరకుండలేదు. ధర్మసూత్రములో నిత్యభోజనమునకు కూడ వరుస చెప్పెను. ముందు అతిథి, పిదప బాలురు, వృద్ధులు, రోగులు, గర్భిణులు. వారందరు తిన్న పిదపనే గృహస్థు. మరొక మాట కూడ చెప్పెను. అన్నము కొరతపడినప్పుడు తనకును, భార్యకును, పుత్రునకును తగ్గించుకొనవచ్చును గాని తన ఇంట పని చేయువానికి మాత్రము తగ్గింపరాదు. కృతజ్ఞత దేవతల వద్ద మొదలై పనివాని కంచము వరకు రావలెనని దీని భావము. పాలికాపునకు పాచిన కూర, దేవునికి పరమాన్నము పెట్టువాని ఆగ్రయణము దేవతలకు చేరునా అని ప్రతివాడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

కొండల మీద కొత్తలు

ఐతరేయ బ్రాహ్మణములోని శునఃశేపోపాఖ్యానమున విశ్వామిత్రుని సంతతిగా సరిహద్దుల ఆవల నివసించు జనులను పేర్కొనుచు ఆంధ్రులను, శబరులను ఒకే వాక్యమున చెప్పిరి. ఆ రెండు జనులును ఇరుగుపొరుగుగా నేటికిని నివసించుచున్న సీమ ఇది. శబర శబ్దమే నేటి సవర.

సవరల ఇండ్లలో ఆపస్తంబ సూత్రము లేదు, హోమకుండము లేదు. అయినను అదే నియమము ఉన్నది. కంది పంట కోతకు వచ్చినను కందికొత్తల పండుగ జరుగువరకు కొత్త కందులను ఎవరును నోట పెట్టరు. మామిడి కాచినను టెంకల పండుగ జరుగువరకు కొత్త మామిడిని తినరు. ఊరి పెద్దలు దినమును నిర్ణయింతురు. ముందు దేవతలకు, గతించిన పెద్దలకు పెట్టి, పిదప ఊరంతయు కలసి తిందురు. ఆకలి గల పిల్లవాడు చెట్టుక్రింద పండు చూచియు ఆగును. ఆ ఆగుటయే అతనికి ప్రథమ విద్యాభ్యాసము.

ఈ జనుల భాషను నేర్చి, వారికి నిఘంటువు కూర్చిన మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు. శ్రీముఖలింగ సమీపమున పర్వతాలపేటలో 1863లో జన్మించిన ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, సవరలను తన ఇంటికి రప్పించుకొని, వారి నోటి నుండియే ఆ భాషను నేర్చెను. తన ఖర్చుతో వారికి బడులు పెట్టించెను. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణ గ్రంథము వెలువడినది. పిదప వెరియర్ ఎల్విన్ గంజాం, కోరాపుట్ కొండల సవరల మతాచారములపై వ్రాసిన బృహద్గ్రంథము 1955లో వచ్చినది. కొత్త పంటను దేవతలకు, పితరులకు పెట్టక తినరాదను నియమము ఆ జనుల జీవితమున ఎంత లోతుగా పాదుకొన్నదో అందు విస్తారముగా కలదు.

పర్వతమున పుట్టిన ఆచారమునకును, వేదమున చెప్పిన ఇష్టికిని పోలిక చూచి ఎవరు ఎవరి నుండి గ్రహించిరి అని వాదించుట కంటె, అన్నము తన సొంతము కాదని గుర్తించిన ప్రతి జనులును ఒకే ద్వారము వద్దకు వచ్చిరని గ్రహించుట మేలు.

లక్ష్మివారపు రెండు కథలు

ఉత్తరాంధ్రలో గురువారమును లక్ష్మివారము అందురు. మార్గశిర లక్ష్మివారములలో మహాలక్ష్మీ వ్రతము తెలుగు ఇండ్లలోను, ఒడియా ఇండ్లలోను జరుగును. ఒడియావారు కొలత పాత్రను కొత్త ధాన్యముతో నింపి అందు లక్ష్మిని ఆవాహన చేయుదురు. ఆ పాత్రను మాణ అందురు గనుక ఆ వ్రతమునకు మాణబసా గురువారము అని పేరు. వ్రతము ఒకటే, కథలు రెండు. పాతపట్నం వంటి సరిహద్దు ఊరిలో ఈ రెండు కథలును పక్కపక్క ఇండ్లలో వినబడదగినవి.

ఒడియా కథకు మూలము బలరామదాసు రచించిన లక్ష్మీపురాణము. మార్గశిర గురువారమున మహాలక్ష్మి పట్టణమంతయు సంచరించి, నాటి సమాజము అంత్యజగా ఎంచిన శ్రియ అను స్త్రీ ఇంట ప్రవేశించెను. ఆ ఇల్లు గోమయముతో అలికి, ముగ్గులు తీర్చి, దీపము పెట్టి ఉన్నది. అది చూచి బలభద్రుడు కోపించి, ఆమెను వెడలగొట్టుమని జగన్నాథుని నిర్బంధించెను. లక్ష్మి వెడలిపోయినది. ఆమెతో పాటు వంటశాల, భాండాగారము రిక్తములైనవి. జగములకు నాథుడైనవాడును, ఆయన అన్నయు పన్నెండు సంవత్సరములు భిక్షకు తిరిగిరి. చివరకు ఒక ఇంట వడ్డించిన అన్నము తిని, ఆ చేతి వంట రుచిని బట్టి అది లక్ష్మియేనని జగన్నాథుడు గుర్తించెను. ఆమె పెట్టిన షరతులకు తలయొగ్గిన పిదపనే లక్ష్మి తిరిగి వచ్చెను. ఆ షరతులలో ముఖ్యమైనది, తన రాకకు కులభేదము అడ్డు కారాదని.

ఇంటిలో వండి వడ్డించు స్త్రీని గూర్చి ఇంతకంటె తీవ్రముగా చెప్పిన కథ దుర్లభము. వంటశాలలో ఆమె ఉన్నన్ని దినములు అన్నము దానంతట అదే వచ్చునదిగా తోచినది. ఆమె వెళ్లిన పూటనే దాని వెల తెలిసినది. దేవునికైనను రుచి ద్వారానే జ్ఞానము కలిగినదని కవి చెప్పుటలో గృహస్థులందరికిని హెచ్చరిక ఉన్నది.

తెలుగువారి వ్రతకథ మరొక విధముగా సాగును. సవతి తల్లి వద్ద పెరిగిన బాలిక మట్టితో లక్ష్మీదేవి బొమ్మ చేసి పూజించెను. వివాహమై వెళ్లునప్పుడు బొమ్మను వెంట తీసికొనిపోయెను. పుట్టినింట దరిద్రము వచ్చినది. కుమార్తె పంపిన ధనము దారిలోనే పోయినది. చివరకు తల్లియే కుమార్తె ఇంటికి వచ్చి వ్రతము చేయబూనెను. ఒక లక్ష్మివారమున పిల్లలకు చద్దన్నము పెట్టుచు తానును ఒక ముద్ద నోట వేసికొనెను. వ్రతము చెడినది. మరొక వారము తలకు నూనె రాచుకొనెను. మరొక వారము తల దువ్వుకొనెను. ఇట్లు వారము తరువాత వారము చిన్న ఏమరుపాటుల వలననే వ్రతము భగ్నమై, తుదకు కుమార్తె కనిపెట్టి ఉండగా నెరవేరినది.

ఆ తల్లి దొంగతనము చేయలేదు, ఎవరిని నిందింపలేదు. పరాకుగా ఒక ముద్ద తినెను. కథ అంతమాత్రమునకే లక్ష్మిని నిలిపివేసినది. కృతఘ్నత ద్వేషము నుండి పుట్టుట అరుదు. ఎక్కువగా అది పరాకు నుండియే పుట్టును. ఈ రహస్యము శాస్త్రగ్రంథముల కంటె అత్తగారు కోడలికి చెప్పిన ఆ వ్రతకథలోనే స్పష్టముగా ఉన్నది.

ఇంటి ఆడవారి మాటలలో కూడ ఇదే మెలకువ కనబడును. బియ్యము అయిపోయినవి అనరు, నిండుకొన్నవి అందురు. దీపము ఆరినది అనరు, కొండెక్కినది అందురు. లేమిని కూడ నోట పలుకక, ఇన్నాళ్లు ఉన్నదానిని తలచుకొను భాష అది.

కరవు, సరిహద్దు

ఈ మెలకువ సుఖకాలమున పుట్టినది కాదు. పాతపట్నం ప్రాంతము నాడు చెన్నపట్నపు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండెను. 1866లో ఒడిశాను, గంజాంను భయంకరమైన క్షామము పీడించినది. ఒడిశాలో సుమారు పది లక్షల ప్రాణములు పోయినవని అంచనా. పూరీ రాజు పాలనాసంవత్సరమును బట్టి ఒడియావారు దానిని నఅంక దుర్భిక్షమందురు. అట్టి కాలమును చూచిన తరముల వారి వద్ద పెరిగిన పిల్లలకు కంచములో మెతుకు విడుచుట నేరముగా తోచుట వింత కాదు. అన్నమును నిందింపకుండుట వ్రతమని తైత్తిరీయోపనిషత్తు భృగువల్లి విధించినది. ఆ వ్రతమునకు అర్థము ఆకలి ఎరిగినవారికే పూర్తిగా తెలియును.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనది. పర్లాకిమిడి పట్టణము అటు పోయినది, పాతపట్నం ఇటు నిలిచినది. గిడుగు వారు ఆ సంవత్సరముననే తాము దశాబ్దముల తరబడి నివసించిన పర్లాకిమిడిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. పాతపట్నం కొంతకాలము విశాఖపట్టణం జిల్లాలో ఉండి, 1950 ఆగస్టు 15న ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినది, రాష్ట్రము పేరు మారినది, కచేరీలో భాష మారినది. మార్గశిర లక్ష్మివారము మాత్రము రెండు వైపులను ఒకే దినమున వచ్చుచునే ఉన్నది. రాజ్యము గీచిన గీత వంటింటి గడప వద్ద ఆగిపోయినది.

నేటి ఇంట

ఇప్పుడు ఏడాది పొడవున బియ్యము బస్తాలలో దొరకును. ఏ నెలనైనను కందిపప్పు దుకాణములో ఉండును. ఇది నిందింపదగినది కాదు. ఆకలి తగ్గుట భగవదనుగ్రహమే. కాని కొత్త అను మాటకు ఇంటిలో చోటు తగ్గినది. కొత్త లేనిచోట మొదటిది లేదు. మొదటిది లేనిచోట ముందు ఎవరికి అను ప్రశ్న రాదు. ఆ ప్రశ్న రానిచోట తల్లి వడ్డించిన అన్నము, తండ్రి తెచ్చిన సరుకు, కోడలు తోమిన పాత్ర గోడల వలె కంటికి కనబడక పోవును.

మరొక బాధ కూడ ఈ జిల్లాలో ఉన్నది. శ్రీకాకుళం పల్లెల నుండి ఎందరో జీవనోపాధికై విశాఖకు, హైదరాబాదుకు, చెన్నైకి, ఇంకను దూరములకు వలసపోవుచున్నారు. సంక్రాంతిని ఇచ్చట పెద్ద పండుగ అందురు. గతించిన పెద్దలకు కొత్త బట్టలు, పిండివంటలు పెట్టి, పిదప ఇంటివారు భుజింతురు. దూరముననున్న కొడుకు ఆ దినమునకు ఇల్లు చేరుటకై పడు పాట్లు అందరికిని తెలిసినవే. ఏడాదికి ఒక పూట ఒకే వరుసలో కూర్చుండి తినుట ఎంతటి భాగ్యమో వలసపోయిన కుటుంబమునకు తెలిసినంతగా ఇతరులకు తెలియదు. జగన్నాథుడు రుచి ద్వారా లక్ష్మిని గుర్తించినట్లు, అతడు తల్లి చేతి ముద్ద ద్వారా ఇంటిని గుర్తించును.

మొదటి ముద్ద నియమమును నిలుపుకొనుటకు ధనము అక్కరలేదు. కొత్త బియ్యము ఇంటికి వచ్చిన దినమున ఒక గుప్పెడు పరమాన్నము వండి దేవునికి నివేదింపవచ్చును. భోజనమునకు ముందు పరిషేచన చేయువారు ఆ క్షణకాలము వండినవారిని కూడ స్మరింపవచ్చును. ఉపనయనము లేనివారు చేయి జోడించి ఆగిన చాలును. చూరు లేని మేడలలో కిటికీ పక్క పక్షులకు నాలుగు గింజలు ఉంచవచ్చును. పనిమనిషికి ముందురోజు మిగిలినది కాక ఆనాడు వండినదే పెట్టవచ్చును. ఇంటి ఇల్లాలు అందరికిని వడ్డించి కడపట ఒంటరిగా తినుట ఆచారమైన ఇండ్లలో, ఒక పూటయైనను ఆమెను కూర్చుండబెట్టి ఇతరులు వడ్డింపవచ్చును.

ఒక్కడే తినువాడు పాపమునే తినుచున్నాడని ఋగ్వేదము చెప్పినది. దేవతలు ఇచ్చిన దానిని వారికి ఇవ్వక అనుభవించువాడు దొంగయేనని గీతాచార్యుడు పలికెను. ఇవి కఠినమైన మాటలు. కాని వాటిని తప్పించుకొను మార్గము కఠినము కాదు. చేయి నోటికి పోవుటకు ముందు ఒక్క క్షణము ఆగుట చాలును. కందికొత్తల పండుగ కొరకు ఎదురుచూచు సవర పిల్లవానికి ఆ ఆగుట వచ్చును. పెద్ద చదువులు చదివిన వారికి అది రాకపోవుట ఎందులకు?

భోజనాంతమున మన పెద్దలు లేచుచు పలుకు మాట ఒకటి కలదు. విస్తరి ముందు కూర్చున్న ప్రతివాడును వంటింటి వైపు తిరిగి దానిని పలికినచో ఈ వ్యాసము యొక్క ప్రయోజనము నెరవేరినట్లే.

అన్నదాతా సుఖీభవ!